కంపైలర్ ఊరికే అరుస్తోందా? డ్యాంగ్లింగ్ రిఫరెన్స్ వార్నింగుల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సి++ వాళ్ళవే ఎక్కువ, అందులోనూ అందరి గోడూ ఒకటే. జీసీసీ కంపైలర్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) కొత్త వెర్షన్ ఎక్కించగానే డ్యాంగ్లింగ్ రిఫరెన్స్ (పోయిన వస్తువుని ఇంకా చూపిస్తున్న మారుపేరు) అంటూ వార్నింగులు వస్తున్నాయి, వాటిలో ఏది నిజమో ఏది ఉత్తదో తెలీట్లేదు అని. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: అన్నా నమస్తే. మా టీమ్‌ల జీసీసీ 12 నుంచి 13కి మారినం. వార్నింగులన్నీ ఎర్రర్లుగా లెక్కపెట్టే ఫ్లాగ్ ముందు నుంచే ఉంది, ఇప్పుడు బిల్డే ఆగిపోయింది. మా కోడ్‌ల ఒక ఫంక్షన్ ఉంటది, సెట్టింగ్ పేరును స్ట్రింగ్ కాన్‌స్ట్ రిఫరెన్స్‌గా తీసుకుంటది, గ్లోబల్ మ్యాప్‌ల వెతికి ఆ సెట్టింగ్‌కి కాన్‌స్ట్ రిఫరెన్స్ వాపస్ ఇస్తది, అంతే. దాన్ని "టైమౌట్" అని లిటరల్ ఇచ్చి పిలిచి, వచ్చినదాన్ని రిఫరెన్స్‌ల పెట్టుకుంటున్నం. గ్లోబల్ మ్యాప్ ఎటు పోతది చెప్పు? ఇందుల తప్పేం కనిపిస్తలేదు. ఫ్లాగ్ తీసి పారెయ్యాల్నా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ కోడ్‌లో తప్పు లేదు తమ్ముడూ, ఇది ఫాల్స్ పాజిటివే, అంటే లేని తప్పుని ఉందని చెప్పడమే. కానీ ఫ్లాగ్ తీసెయ్యకండి, ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

"టైమౌట్" అనేది స్ట్రింగ్ లిటరల్ (కోడ్‌లో నేరుగా రాసిన అక్షరాలు), మీ ఫంక్షన్‌కి కావాల్సింది స్టాండర్డ్ స్ట్రింగ్, కాబట్టి కంపైలర్ అక్కడికక్కడ ఒక టెంపరరీ, అంటే తాత్కాలికమైన, స్ట్రింగ్ తయారుచేసి దాని రిఫరెన్స్ ఫంక్షన్‌కి ఇస్తుంది. ఆ వాక్యం సెమీకోలన్ దగ్గరికి వచ్చేసరికి టెంపరరీ పోతుంది. మీ ఫంక్షన్ ఇచ్చిన రిఫరెన్స్ మాత్రం మీ దగ్గరే ఉండిపోతుంది. అది మ్యాప్‌లోని సెట్టింగ్‌ని చూపిస్తోందని మీకు తెలుసు, కంపైలర్‌కి తెలీదు. దానికి కనపడేది రెండే రెండు, ఒక టెంపరరీని రిఫరెన్స్‌గా తీసుకుంది, ఒక రిఫరెన్స్ బయటికి ఇచ్చింది. తీసుకున్నదాన్నే తిప్పి ఇచ్చిందేమో అని దాని అనుమానం. అందుకే మెసేజ్‌లో "పాసిబ్లీ డ్యాంగ్లింగ్" అని ఉంటుంది, ఆ "పాసిబ్లీ"ని మనం చదవం, ఎర్రర్ ఫ్లాగ్ అసలే చదవదు.

ఫంక్షన్ లోపలికి తొంగిచూస్తే తెలిసిపోదా అని అడుగుతారు. చూడదు. బాడీ ఇంకో ఫైల్లో ఉండొచ్చు, ఈ ఫైల్ కంపైల్ అయ్యేటప్పుడు దాని ముందు ఉన్నది హెడర్‌లోని డిక్లరేషన్ ఒక్కటే. పైగా ఈ వార్నింగ్ ఫ్రంట్ ఎండ్‌లో, అంటే కోడ్‌ని చదివి అర్థం చేసుకునే తొలిదశలోనే పుడుతుంది, బాడీ పక్కనే ఉన్నా దాని జోలికి పోదు. కవరు మీద అడ్రస్ చూసి లోపల ఉత్తరంలో ఏముందో ఊహించడం లాంటి పని ఇది.

పోనీ టైపులన్నా పోల్చి చూడొచ్చుగా, తీసుకున్నది స్ట్రింగ్, ఇచ్చింది సెట్టింగ్, రెండూ వేరు కదా అనిపిస్తుంది. అలా వడగడితే అసలు బగ్గులు కూడా జారిపోతాయి, ఎందుకంటే తీసుకున్న ఆబ్జెక్టులోని ఒక మెంబర్‌కి రిఫరెన్స్ ఇచ్చే ఫంక్షన్లు ఎన్నో ఉంటాయి, అక్కడా రెండు టైపులు వేరే, కానీ రిఫరెన్స్ మాత్రం నిజంగానే గాల్లో వేలాడుతుంది. జీసీసీ మాన్యువల్లోనే స్టాండర్డ్ లైబ్రరీలోని యూజ్-ఫేసెట్ అనే ఫంక్షన్ గురించి రాసి ఉంది, అది లొకేల్‌కి (భాష, ప్రాంతం సెట్టింగులకి) రిఫరెన్స్ తీసుకుని రిఫరెన్స్ ఇస్తుంది, కానీ తీసుకున్నదాన్ని ఇవ్వదు, అలాంటివి ఈ వార్నింగ్‌ని మోసం చేస్తాయి అని. మీ సెట్టింగ్ ఫంక్షన్‌దీ అదే కథ.

ఇక నిజమైన బగ్ ఎలా ఉంటుందో చూడండి. ఎన్ అనే ఇంటిజర్ ఉంది, మ్యాక్స్(ఎన్ - 1, ఎన్ + 1) అని పిలిచి వచ్చినదాన్ని కాన్‌స్ట్ ఇంట్ రిఫరెన్స్‌లో పెట్టుకున్నారు. మ్యాక్స్ విలువ ఇవ్వదు, రిఫరెన్స్ ఇస్తుంది. ఎన్ - 1, ఎన్ + 1 రెండూ టెంపరరీలు, సెమీకోలన్ దగ్గర రెండూ పోయాయి, మీ రిఫరెన్స్ పోయినదాన్ని చూపిస్తోంది. దీని సిగ్నేచర్‌నీ (ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో చెప్పే లైను) మీ ఫంక్షన్ సిగ్నేచర్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి, ఆకారం ఒకటే. ఒకటి ప్రమాదం, ఇంకోటి క్షేమం, పైపైన చూసి తేడా చెప్పడం ఎవరివల్లా కాదు.

మరి ఏం చెయ్యాలి. నాకు అన్నిటికన్నా నచ్చేది కోడ్‌నే కొంచెం మార్చడం. పారామీటర్‌ని స్ట్రింగ్-వ్యూ (అక్షరాలని కాపీ చెయ్యకుండా చూపించే చిన్న టైపు) చేసి విలువగా తీసుకోండి. అప్పుడు రిఫరెన్స్ పారామీటరే లేదు, వార్నింగ్ ఆ ఆర్గ్యుమెంట్‌ని లెక్కలోకే తీసుకోదు, పైగా ప్రతి పిలుపుకీ ఒక స్ట్రింగ్ తయారయ్యే ఖర్చు కూడా తప్పుతుంది. మామూలు మ్యాప్‌లో స్ట్రింగ్-వ్యూతో వెతకాలంటే కంపేరేటర్‌గా ఖాళీ యాంగిల్ బ్రాకెట్లతో స్టాండర్డ్ లెస్ పెట్టుకోవాలి, అది సి++14 నుంచీ ఉంది, అన్‌ఆర్డర్డ్ మ్యాప్ అయితే సి++20 కావాలి, హ్యాష్ కూడా దానికి తగ్గట్టు రాసుకోవాలి. ఇంకో దారి, ఆ ఫంక్షన్‌ని కాన్ఫిగ్ క్లాస్‌లో మెంబర్‌గా మార్చడం. మెంబర్ ఫంక్షన్ల విషయంలో జీసీసీ ఏ ఆబ్జెక్ట్ మీద పిలిచారో దాన్నే చూస్తుంది, మిగతా ఆర్గ్యుమెంట్లని పట్టించుకోదు, మీ కాన్ఫిగ్ టెంపరరీ కాదు కాబట్టి వార్నింగ్ రాదు.

కోడ్ ముట్టుకోలేని పరిస్థితి అయితే, జీసీసీ 14 నుంచి జీఎన్‌యూ నో-డ్యాంగ్లింగ్ అని అట్రిబ్యూట్ (కోడ్‌లో కంపైలర్ కోసం పెట్టే గుర్తు) ఉంది, దాన్ని ఫంక్షన్ డిక్లరేషన్ మీద పెట్టండి. మీది 13 కాబట్టి ప్రస్తుతానికి డయాగ్నస్టిక్ ప్రాగ్మాలు (కోడ్‌లో కొంత భాగానికి వార్నింగ్ ఆపమని చెప్పే లైన్లు) పుష్, ఇగ్నోర్, పాప్ వాడాలి, కానీ పిలిచిన ప్రతి చోటా కాదు, ఫంక్షన్ డిక్లరేషన్ చుట్టూ ఒక్కసారి చాలు, అది చాలామందికి తెలియక ఫైళ్ళ నిండా ప్రాగ్మాలు చల్లేస్తుంటారు. ఈ లోపు బిల్డ్ నడవాలంటే ఈ ఒక్క వార్నింగ్‌ని ఎర్రర్ కాకుండా చేసే ఫ్లాగ్ పెట్టండి, వార్నింగ్ కనపడుతూనే ఉంటుంది, బిల్డ్ ఆగదు.

ప్రశ్న: సార్, టెంపరరీని కాన్‌స్ట్ రిఫరెన్స్‌లో పెడితే ఆ రిఫరెన్స్ ఉన్నంతకాలం టెంపరరీ కూడా బతుకుతుంది అని క్లాసులో చెప్పారు. మరి మ్యాక్స్ ఉదాహరణలో ఎందుకు చచ్చిపోతుంది? నేను రన్ చేసి చూశాను కూడా, కరెక్ట్ ఆన్సరే వచ్చింది సార్.
– ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని, గుంటూరు

జవాబు: క్లాసులో చెప్పింది నిజమేనమ్మా, కాకపోతే సగమే చెప్పి ఉంటారు. టెంపరరీని నేరుగా రిఫరెన్స్‌కి కట్టినప్పుడే ఆ ఆయుష్షు పెరగడం. రెండు స్ట్రింగులు కూడి ఆ ఫలితాన్ని కాన్‌స్ట్ రిఫరెన్స్‌లో పెట్టావనుకో, క్షేమం. టెంపరరీ ఆబ్జెక్టులోని డేటా మెంబర్‌ని చుక్క పెట్టి నేరుగా తీసుకున్నా మొత్తం ఆబ్జెక్ట్ బతుకుతుంది. కానీ మధ్యలో ఒక ఫంక్షన్ వచ్చి, టెంపరరీని ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో రిఫరెన్స్‌గా తిప్పి ఇచ్చిందనుకో, అక్కడితో లంకె తెగిపోయింది. ఫంక్షన్ ఇచ్చిన రిఫరెన్స్ ఎక్కడి నుంచి వచ్చిందో భాష నియమం పట్టించుకోదు, టెంపరరీ ఆ వాక్యం చివర్లో పోతుంది.

కరెక్ట్ ఆన్సర్ వచ్చింది అన్నావు చూడు, అదే దీంట్లో అసలు ప్రమాదం. టెంపరరీ ఉన్న స్టాక్ (ఫంక్షన్ నడిచేటప్పుడు వాడే మెమరీ) జాగా మీద ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి పాత విలువే కనపడింది, అంతే. ఆప్టిమైజేషన్ లెవెల్ మార్చు, మధ్యలో ఇంకో నాలుగు ఫంక్షన్లు పిలువు, ఏం వస్తుందో ఎవరూ చెప్పలేరు. అడ్రస్ శానిటైజర్ (రన్ అయ్యేటప్పుడు మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసి కంపైల్ చేసి రన్ చెయ్యి, "స్టాక్ యూజ్ ఆఫ్టర్ స్కోప్" అని పట్టుకుంటుంది, జీసీసీ 7 నుంచీ ఈ పరీక్ష ఉంది. అది రన్ అయిన దారినే చూస్తుంది కాబట్టి ఉత్తుత్తి అరుపులు దాదాపు ఉండవు, కానీ రన్ కాని దారిలో బగ్ ఉంటే దానికి తెలీదు, అందుకే కంపైలర్ వార్నింగూ కావాలి, ఇదీ కావాలి.

ఇంకోటి కూడా నేర్చుకో, పరీక్షలో రాకపోయినా ఉద్యోగంలో వస్తుంది. రేంజ్ ఫర్ లూపులో కోలన్ తర్వాత ఒక ఫంక్షన్ పిలిచి, అది ఇచ్చిన టెంపరరీ మీద ఇంకో మెంబర్ ఫంక్షన్ పిలిచి దాని మీద లూప్ తిప్పితే, మధ్యలో ఉన్న టెంపరరీ లూప్ మొదలవకముందే పోయేది. ఏళ్ళ తరబడి జనాన్ని ఏడిపించిన గొయ్యి అది. సి++23లో నియమం మార్చి ఆ టెంపరరీలన్నీ లూప్ అయ్యేదాకా బతికేలా చేశారు, జీసీసీ 15 నుంచి అది అమల్లో ఉంది. వార్నింగ్ ఇవ్వడం కన్నా భాషనే బాగుచెయ్యడం ఎంత మేలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రశ్న: నమస్కారమండి. మాది పెద్ద పాత కోడ్‌బేస్, వార్నింగులు వందల్లో ఉన్నాయి. కొన్ని చూశాం, అన్నీ ఉత్తవే అనిపించింది. అందుకని వార్నింగ్ వచ్చిన ప్రతి ఫంక్షన్‌కీ ఆ నో-డ్యాంగ్లింగ్ అట్రిబ్యూట్ స్క్రిప్టుతో పెట్టించేద్దాం అని మా కుర్రాళ్ళు అంటున్నారు. చెయ్యొచ్చంటారా?
– టీమ్ లీడ్, విశాఖపట్నం

జవాబు: వద్దండి, దయచేసి వద్దు. ఆ అట్రిబ్యూట్ అంటే "ఈ ఫంక్షన్ తన ఆర్గ్యుమెంట్‌ని తిప్పి ఇవ్వదు" అని మీరు కంపైలర్‌కి ఇచ్చే మాట, కంపైలర్ దాన్ని సరిచూడదు, నమ్మేస్తుంది. అబద్ధం రాస్తే ఆ ఫంక్షన్ విషయంలో ఇక ఎప్పటికీ నోరు మూసుకుంటుంది, రేపు కొత్తగా చేరిన కుర్రాడు అదే ఫంక్షన్‌ని తప్పుగా పిలిచినా చెప్పదు.

మీలాంటి పాత కోడ్‌బేసుల్లో తప్పకుండా ఉండే ఒక ఫంక్షన్ గురించి చెప్తాను, పేరు ఒక్కోచోట ఒక్కోటి ఉంటుంది, పని మాత్రం ఒకటే: మ్యాప్, కీ, డిఫాల్ట్ విలువ మూడూ కాన్‌స్ట్ రిఫరెన్సులుగా తీసుకుంటుంది, కీ దొరికితే మ్యాప్‌లోనిదానికి రిఫరెన్స్ ఇస్తుంది, దొరక్కపోతే డిఫాల్ట్‌కి రిఫరెన్స్ ఇస్తుంది. దీన్ని పిలిచేటప్పుడు జనం డిఫాల్ట్‌గా "అడ్మిన్" అనో "లేదు" అనో లిటరల్ రాసేసి, వచ్చినదాన్ని రిఫరెన్స్‌లో పెట్టుకుంటారు. కీ ఉన్నన్నాళ్ళూ ఏమీ కాదు. టెస్టుల్లో కీ ఉంటుంది, డెమోలో ఉంటుంది, మీ కుర్రాళ్ళు బాడీ తెరిచి చూసినా మొదటి లైన్లో మ్యాప్ కనపడుతుంది, "ఆ మ్యాప్‌లోంచే కదా ఇస్తోంది, ఉత్త వార్నింగే" అని ముందుకి పోతారు. ఎప్పుడో ఒకరోజు ప్రొడక్షన్‌లో ఏదో ఒక కస్టమర్ కాన్ఫిగ్‌లో ఆ కీ ఉండదు, అప్పుడు చచ్చిపోయిన టెంపరరీ స్ట్రింగ్ చేతికొస్తుంది. స్ట్రింగ్ చిన్నదైతే దాని అక్షరాలు ఆబ్జెక్టు లోపలే, అంటే స్టాక్ మీదే ఉంటాయి కాబట్టి పాత విలువ ఒక్కోసారి కనపడుతుంది, ఒక్కోసారి చెత్త కనపడుతుంది, పెద్దదైతే హీప్‌లో (విడిగా అడిగి తీసుకునే మెమరీలో) ఫ్రీ అయిపోయిన మెమరీని చదువుతుంది. మీ మొత్తం గుట్టలో ఈ వార్నింగే బంగారం, దాన్ని స్క్రిప్టుతో పూడ్చిపెట్టేస్తాం అంటున్నారు మీరు.

కాబట్టి పద్ధతి ఇలా పెట్టుకోండి. వార్నింగులని లైన్ల ప్రకారం కాకుండా ఏ ఫంక్షన్ వల్ల వచ్చిందో దాని ప్రకారం గుంపులు చెయ్యండి, ప్రతి వార్నింగ్ కింద వచ్చే నోట్‌లో టెంపరరీ ఏ ఎక్స్‌ప్రెషన్ చివర పోయిందో పిలుపుతో సహా ఉంటుంది, దాన్ని పట్టుకుని సార్ట్ చేస్తే సరిపోతుంది. వందల వార్నింగులు చాలావరకూ గుప్పెడు ఫంక్షన్ల దగ్గరికే వచ్చి చేరతాయి. ఇప్పుడు ఒక్కో ఫంక్షన్‌కీ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఏదైనా ఒక్క దారిలో, ఒకే ఒక్క రిటర్న్‌లో అయినా, తీసుకున్న రిఫరెన్స్ గానీ దాని లోపలి భాగం గానీ బయటికి పోతోందా? పోతుంటే వార్నింగ్ నిజం. ఏ దారిలోనూ పోకపోతే అప్పుడు అట్రిబ్యూట్ పెట్టండి, పక్కన ఎందుకు పెట్టారో ఒక లైను కామెంట్ కూడా రాయండి.

నిజమైనవాటికి మందు కూడా చెప్తాను. డిఫాల్ట్ తీసుకునే ఫంక్షన్ విలువ ఇచ్చేలా మార్చండి, అది సులువు, స్ట్రింగ్ ఒక కాపీ అయితే కొంపలు మునగవు. కాపీ భరించలేనంత పెద్ద టైపు అయితే, డిఫాల్ట్ పారామీటర్‌కి ఆర్-వాల్యూ రిఫరెన్స్ (టెంపరరీలకి అతుక్కునే రిఫరెన్స్) తీసుకునే ఓవర్‌లోడ్, అంటే అదే పేరుతో ఇంకో ఫంక్షన్, రాసి దాన్ని డిలీట్ అని ప్రకటించండి, ఇక టెంపరరీతో పిలిస్తే వార్నింగ్ కాదు, నేరుగా కంపైల్ ఎర్రరే. మ్యాక్స్, మిన్, క్లాంప్ లాంటివాటి ఫలితాన్ని రిఫరెన్స్‌లో కాకుండా మామూలు వేరియబుల్‌లో పెట్టుకుంటే చాలు. మిన్‌మ్యాక్స్ దగ్గర మాత్రం ఆటో అని రాసినా తప్పించుకోలేరు, అది ఇచ్చేది రెండు రిఫరెన్సుల జత, ఆ జతని కాపీ చేసినా లోపలున్నవి రిఫరెన్సులే. జీసీసీ దాన్నీ పట్టుకుంటుంది.

ప్రశ్న: మేం సొంత లైబ్రరీ రాస్తాం, అందులో స్పాన్ లాంటి వ్యూ క్లాసులు (వేరేచోట ఉన్న డేటాని చూపించేవి) ఉన్నాయి. ఆ వ్యూని టెంపరరీగా తయారుచేసి దానిలోని మొదటి ఎలిమెంట్‌కి రిఫరెన్స్ తీసుకుంటే జీసీసీ 13 గోల పెట్టేది. 14లో కొన్ని క్లాసులకి పోయింది, కొన్నిటికి పోలేదు. ఏ లెక్కన?
– ఒక ఇంజినీర్, బెంగళూరు

జవాబు: చాలా మంచి ప్రశ్న. ఈ వార్నింగ్ జీసీసీ 13తో 2023 ఏప్రిల్‌లో బయటికొచ్చింది, అప్పుడు మామూలుగా అందరూ పెట్టే డబ్ల్యూ-ఆల్ ఫ్లాగ్‌లోనే ఉండేది, అంటే దాదాపు ప్రతి ప్రాజెక్టుకీ తగిలింది. విడుదలకి ముందే లిబ్‌కెమెరా ప్రాజెక్టు బిల్డ్‌లో ఫాల్స్ పాజిటివ్‌లు వస్తున్నాయని జీసీసీ బగ్గులు నమోదు చేసే బగ్‌జిల్లాలో రిపోర్ట్ పడింది, లోపల ఒక రిఫరెన్స్‌ని మోసే చిన్న క్లాసుల వల్ల. ఆ క్లాస్ టెంపరరీ అయి పోయినా అది చూపిస్తున్న అసలు వస్తువు పోదు కదా. దాంతో అలాంటి రిఫరెన్స్ రాపర్ కనపడితే వెంటనే అరవకుండా, దాని వెనక ఇంకేదన్నా నిజమైన టెంపరరీ దాక్కుందా అని లోపలికి వెళ్ళి చూసేలా మార్చారు. 2024 మేలో వచ్చిన జీసీసీ 14లో స్పాన్ తరహా క్లాసులనీ వదిలేశారు, నో-డ్యాంగ్లింగ్ అట్రిబ్యూట్ ఇచ్చారు, వార్నింగ్‌ని డబ్ల్యూ-ఆల్ నుంచి, విడిగా అడిగితేనే వచ్చే డబ్ల్యూ-ఎక్స్‌ట్రాకి జరిపారు.

స్పాన్ తరహా అంటే లెక్క ఇది: యూనియన్ కాకూడదు, క్లాస్ టెంప్లేట్ (టైపు తర్వాత నింపుకునే అచ్చు) అయి ఉండాలి, ఒక పాయింటర్ డేటా మెంబర్ ఉండాలి, డిస్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే కోడ్) ట్రివియల్, అంటే మీరు రాయకుండా కంపైలరే ఇచ్చిన ఏ పనీ లేనిది, అయి ఉండాలి. ఆ చివరి షరతు చూడండి, ఎంత తెలివైన ఊహో. మెమరీని సొంతంగా పట్టుకున్న క్లాస్ అయితే పోయేటప్పుడు దాన్ని వదలాలి కాబట్టి డిస్ట్రక్టర్‌లో ఏదో ఒక పని ఉంటుంది, ఏ పనీ లేదంటే అది ఎవరిదో చూపించడానికే ఉన్నట్టు లెక్క. మీ క్లాసుల్లో వార్నింగ్ పోనివి బహుశా టెంప్లేట్ కానివి, లేకపోతే ఎవరో డీబగ్ కౌంటర్ కోసమో దేనికో డిస్ట్రక్టర్ రాసిపెట్టి ఉంటారు. ఖాళీ బ్రాకెట్లతో మీరు సొంతంగా రాసినా సరే, అది ట్రివియల్ కింద లెక్కకి రాదు. దాన్ని తీసెయ్యండి. టెంప్లేట్ చెయ్యలేని క్లాస్ అయితే అట్రిబ్యూట్‌ని క్లాస్ మీదే పెట్టండి.

ఆప్షనల్ (లోపల విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు) లాంటి క్లాసులు ఉంటే ఇంకో సదుపాయం ఉంది, ఆ అట్రిబ్యూట్‌కి బూలియన్ షరతు ఇవ్వొచ్చు, అంటే టెంప్లేట్ ఆర్గ్యుమెంట్ రిఫరెన్స్ అయితేనే నో-డ్యాంగ్లింగ్, విలువ అయితే కాదు అని. లైబ్రరీ రాసేవాళ్ళకి ఇది వరమే, కానీ వాడుతున్నవాళ్ళు తక్కువ. ఒక్క జాగ్రత్త, మిగతా కంపైలర్లకి ఈ అట్రిబ్యూట్ తెలీదు, తెలీని అట్రిబ్యూట్ అని వాళ్ళ వార్నింగ్ వేరే వస్తుంది, కాబట్టి హ్యాజ్-సిపిపి-అట్రిబ్యూట్‌తో అడిగి ఒక మ్యాక్రోలో చుట్టుకోండి.

ఎక్స్‌ట్రాకి జరపడం గురించి నా మాట కూడా చెప్పేస్తాను. కొంతమంది అది వెనకడుగు అన్నారు, నేను ఒప్పుకోను. ఎక్కువసార్లు తప్పు చెప్పే వార్నింగ్‌ని మనుషులు చదవడం మానేస్తారు, మానేశాక అది నిజం చెప్పినా ఒకటే చెప్పకపోయినా ఒకటే. ఫాల్స్ పాజిటివ్ తగ్గించడం కోసం కంపైలర్ వాళ్ళు పడుతున్న కష్టం అంతా ఆ నమ్మకం నిలబెట్టడానికే.

ప్రశ్న: మేం క్లాంగ్ కంపైలర్ వాడతాం, ఇక్కడ మా కోడ్‌కి ఇలాంటి వార్నింగ్ ఒక్కటీ రాలేదు. అంటే క్లాంగ్ బెటర్ అనుకోవచ్చా? పోనీ రస్ట్ భాషకి మారితే ఈ గొడవే ఉండదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: రాకపోవడం వేరు, లేకపోవడం వేరు. క్లాంగ్ జీసీసీకి తిరగేసిన దారి పట్టింది. జీసీసీ ఏమో "తిప్పి ఇస్తుందేమో" అని ముందే అనుమానపడి, కాదని మీరు చెబితే ఊరుకుంటుంది. క్లాంగ్ "తిప్పి ఇస్తుంది" అని మీరు లైఫ్‌టైమ్-బౌండ్ అట్రిబ్యూట్‌తో చెబితే అప్పుడు అనుమానపడుతుంది. స్టాండర్డ్ లైబ్రరీలో ఏది సొంతదారు, ఏది ఉత్త పాయింటర్ అనేది దానికి తెలుసు కాబట్టి టెంపరరీ స్ట్రింగ్‌ని స్ట్రింగ్-వ్యూలో పెట్టడం లాంటివి ఏ గుర్తూ లేకుండానే పట్టుకుంటుంది, క్లాంగ్ వాళ్ళ స్టాండర్డ్ లైబ్రరీ లిబ్‌సి++లో మిన్, మ్యాక్స్ లాంటివాటి మీద ఆ గుర్తు వాళ్ళే పెట్టారు. మీ సొంత ఫంక్షన్ల మీద మాత్రం మీరే పెట్టాలి. పెట్టకపోతే ఉత్త అరుపులూ ఉండవు, అసలు అరుపులూ ఉండవు. నన్నడిగితే రెండు కంపైలర్లతోనూ బిల్డ్ చెయ్యండి, ఆర్గ్యుమెంట్‌ని తిప్పి ఇచ్చే ఫంక్షన్లకి లైఫ్‌టైమ్-బౌండ్, ఇవ్వనివాటికి నో-డ్యాంగ్లింగ్, రెండిటికీ మ్యాక్రోలు.

జీసీసీలోనే ఇంకో వార్నింగ్ ఉంది, డ్యాంగ్లింగ్-పాయింటర్ అని, 2022లో జీసీసీ 12తో వచ్చింది, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. అది సిగ్నేచర్ చూసి ఊహించదు, ఇన్‌లైనింగ్ (ఫంక్షన్ బాడీని పిలిచిన చోటే అతికించడం) అయ్యాక కోడ్ ఎలా ప్రవహిస్తోందో చూస్తుంది, అందుకని ఆప్టిమైజేషన్ లెవెల్ మారితే దాని ఫలితం మారుతుంది, బాడీ కనపడని చోట ఏమీ చెప్పలేదు.

రస్ట్‌లో ఈ విషయం సిగ్నేచర్‌లోనే ఉంటుంది, ఇచ్చిన రిఫరెన్స్ ఏ ఆర్గ్యుమెంట్ ఆయుష్షుకి కట్టుబడిందో లైఫ్‌టైమ్ గుర్తుతో రాస్తారు. సెల్ఫ్ రిఫరెన్స్ ఉన్న మెథడ్ అయితే రాయకపోయినా సెల్ఫ్‌కే కట్టినట్టు లెక్క, రెండు రిఫరెన్సులు తీసుకుని ఒకటి ఇచ్చే మామూలు ఫంక్షన్‌లో రాయకపోతే కంపైలే కాదు. కాబట్టి అక్కడ ఊహించాల్సిన అవసరం రాదు, నిజమే. కానీ పదిహేనేళ్ళుగా నడుస్తున్న సి++ కోడ్ ఉన్నవాళ్ళకి భాష మారమని చెప్పడం సలహా అవ్వదు.

ప్రశ్న: మాకు వచ్చింది కచ్చితంగా ఫాల్స్ పాజిటివే, జీసీసీ 14లో కూడా వస్తోంది. వాళ్ళకి చెప్తే వింటారా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వింటారు, లిబ్‌కెమెరా సంగతి పైన చెప్పాను కదా, ఆ మార్పు ఒక రిపోర్ట్ వల్లే వచ్చింది. కాకపోతే "వార్నింగ్ తప్పు వస్తోంది" అని ఒక్క లైను రాస్తే పని జరగదు. ముందు కొత్త వెర్షన్‌లో ఇంకా వస్తోందో లేదో చూడండి. సేవ్-టెంప్స్ ఫ్లాగ్‌తో ప్రీప్రాసెస్ అయిన (హెడర్లన్నీ కలిసిపోయిన) ఫైల్ తీసి, సి-వైజ్ లాంటి టూల్‌తో దాన్ని ఇరవై ముప్పై లైన్లకి తగ్గించండి, కంపెనీ కోడ్ బయటికి పోకుండా ఉండటానికి కూడా అదే దారి. తగ్గించేటప్పుడు ఒకటి గమనించుకోవాలి, టూల్ బాడీలన్నీ కొట్టేస్తూ పోతే మిగిలిన కోడ్‌లో వార్నింగ్ నిజమైపోవచ్చు, కాబట్టి రిఫరెన్స్ ఎక్కడి నుంచి వస్తోందో చూపించే బాడీని మాత్రం మీ చేత్తో నిలబెట్టండి. వెర్షన్, వాడిన ఫ్లాగులు, వచ్చిన మెసేజ్ మొత్తం పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ రిఫరెన్స్ ఎందుకు క్షేమమో, మీ క్లాసుని సిగ్నేచర్ చూసి లేదా క్లాస్ ఆకారం చూసి కంపైలర్ ఎలా గుర్తుపట్టొచ్చో రెండు వాక్యాలు రాయండి. గుర్తుపట్టడానికి ఏ ఆధారమూ లేని కోడ్ అయితే అట్రిబ్యూట్ పెట్టుకోమంటారు, ఆధారం ఉంటే అది కొత్త నియమం అవుతుంది, స్పాన్‌కి అయినట్టు.